సముద్రం వైపు గోడ

సాయంత్రం. వంటగది వెనక పంపు దగ్గర రంగుల మేస్త్రి చేతులు కడుక్కుంటున్నాడు. ఒక చేతిలో తువ్వాలు, ఒక చేతిలో ఫోను పట్టుకుని ఆయన భార్య పక్కనే నిలబడి ఉంది.

“...వద్దని ఒక్కసారి చెప్పాను కదా. మళ్లీ మొదలెట్టకు.”

“ఒక్కసారి కాదండీ, పొద్దున్నుంచీ నాలుగుసార్లు చెప్పారు. మొదటిసారి ఉన్న గట్టిదనం నాలుగోసారికి లేదు. అందుకే ఐదోసారి అడుగుతున్నా.”

“తువ్వాలివ్వు.”

“మోచేతి దగ్గర ఇంకా పచ్చరంగుంది, రుద్దండి. సాంటొరిని. గ్రీసు దేశం. ద్వీపం. చుట్టూ నీళ్లు.”

“ద్వీపమంటే చుట్టూ నీళ్లేగా ఉండేది.”

“చూశారా, మీకప్పుడే సగం తెలుసు. మిగతా సగం వెళ్లి తెలుసుకుందాం.”

“పని వదిలేసి ఎలా వస్తానే?”

“ఏం పని? మనం వెళ్లేది వానల్లో. వానల్లో మీరు చేసే పనేంటో నాకు తెలీదా, వరండాలో కూర్చుని ఆకాశాన్ని తిట్టడం. అక్కడ ఆ నెలల్లో వానే పడదట. తిడదామన్నా మబ్బు దొరకదు.”

“మరి పనివాళ్లు?”

“చెప్పేశాను. పది రోజులు మీరు కనపడరంటే వాళ్ల మొహాలు చూడాలి. ఒకతనైతే ‘ఇరవై చేయలేమా అక్కా’ అన్నాడు.”

“ఎవడు వాడు?”

“చెప్పను. ఆ కుర్రాడి పెళ్లాం మంచిది.”

“టిక్కెట్లో?”

“పదేళ్లుగా నేను ఊళ్లోవాళ్లకి కుట్టిన చొక్కాలన్నీ కలిపితే రెండు విమానం సీట్లయ్యాయి. ఇంకా మిగిలితే మీకో టోపీ.”

“నాకు టోపీ ఎందుకు?”

“అంటే రావడం ఖాయమే, టోపీ దగ్గరే పేచీ అన్నమాట.”

“మాటలు పట్టకు. గది సంగతి చెప్పు. మొన్న డాక్టరమ్మగారింట్లో హాలుకి రంగేస్తుంటే విన్నాను. ఆవిడ వెళ్లొచ్చిందట. ఆ ద్వీపంలో కిటికీలోంచి సముద్రం కనపడితే ఒక రేటు, కనపడకపోతే ఇంకో రేటు. ఆ రెండో రేటు విన్నాకే నా చేతిలో రోలరు జారింది.”

“మనకి కనపడుతుంది.”

“ఎంతకి?”

“చాలా బాగా కనపడుతుంది. మంచం మీద పడుకునే చూడొచ్చు.”

“రేటెంత అంటున్నా.”

“మీరు దాని గురించి బెంగ పెట్టుకోకండి. ఆవిడ చాలా మంచిది.”

“ఏ ఆవిడ?”

“గది ఆవిడ. పెద్దావిడ. మనం వస్తామో రామో ఈ సాయంత్రంలోగా చెప్పమంది. లేకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తుందట. అందుకే మీ వెనకాల తువ్వాలు పట్టుకుని తిరుగుతున్నా, మీ మీద ప్రేమతో కాదు.”

“ఇవ్వమను. హాయిగా ఇచ్చేయమను. పది రోజులు అక్కడ నేనేం చెయ్యాలే?”

“కూర్చోవాలి.”

“కూర్చుని?”

“సముద్రం చూడాలి.”

“చూశాక?”

“మళ్లీ చూడాలి.”

“ఒకసారి చూసిందేగా.”

“అబ్బా. మీరు గోడకి రెండో కోటు ఎందుకేస్తారు, ఒకసారి వేసిందేగా?”

“దానికీ దీనికీ లంకె పెడతావేంటి?”

“సరే, ప్రాక్టీసు చేద్దాం. ఇలా రండి. ఈ మెట్టు మీద కూర్చోండి. కూర్చోండి, మోకాళ్లేం అరిగిపోవు. అదిగో, ఆ నీళ్ల డ్రమ్ము ఉంది చూశారా, అదే సముద్రం.”

“ఆ నీలం డ్రమ్మా?”

“అందుకే దాన్ని ఎంచుకున్నా. ఇప్పుడు మాట్లాడకుండా చూడండి. నేను పక్కన కూర్చుంటా. చల్లగాలి వీస్తోంది. సూర్యుడు దిగుతున్నాడు. మీకేం పని లేదు. ఏం పనీ లేదు.”

“...”

“ఎలా ఉంది?”

“ఆ వెనక ప్రహరీ మీద పగులు చూశావా? పోయిన నెల్లో జానెడు లేదు.”

“సముద్రం చూడమంటే ప్రహరీ చూశారు.”

“సముద్రం వెనకే ఉంది కదా అది.”

“మీతో వేగలేనండీ. మన పెళ్లయిన కొత్తలో ఏం చేశారు? కొండ మీద లాడ్జికి తీసుకెళ్లి, బాత్రూము తలుపు రంగు పొంగిందని వాచ్‌మన్ దగ్గర బ్రష్షు అడిగి తెచ్చారు. నేను కొత్త చీర కట్టుకుని ఆ తలుపు ఆరేదాకా బయట నిలబడ్డాను.”

“తర్వాత మేనేజరు వచ్చి మెచ్చుకున్నాడు. అది చెప్పవేం?”

“మా తమ్ముడి పెళ్లి ఆల్బమ్ తీసి చూడండి. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు, మీరొక్కరు గోడ వైపు.”

“ఆ హాలు వాడు లప్పం పెట్టి గోడ నున్న చెయ్యకుండానే రంగు పూశాడే. కళ్లెదుట అంత అన్యాయం జరుగుతుంటే ఫోటోకి నవ్వమంటే ఎలా?”

“పిల్ల పుట్టిందని నర్సు బయటికొచ్చి చెప్తే మీ నోట్లోంచి వచ్చిన మొదటి మాటేంటి?”

“అదిప్పుడెందుకు?”

“‘సీలింగు చెమ్మ పట్టిందమ్మా, ఉయ్యాల కాస్త ఇటు జరపండి’ అన్నారు.”

“జరిపారు కదా. మర్నాడు సరిగ్గా అక్కడే పెచ్చు ఊడిపడింది. నేను లేకపోతే నీ కూతురికి బుర్ర ఉండేదా?”

“ఇప్పుడు మాత్రం ఉందా నాన్నా?”

“నువ్వెప్పుడొచ్చావే? కాలేజీ నుంచి రాగానే తలుపు చాటున నిలబడటమేంటి?”

“నిలబడలేదు నాన్నా, వెళ్తున్నా. అమ్మా, ఆ గది ఆవిడ నా ఫోనుకి మళ్లీ మెసేజ్ పెట్టింది. అడుగుతోంది, మరి ఆ—”

“పొయ్యి మీద పాలు చూడవే.”

“పొయ్యి వెలగలేదుగా.”

“అయితే వెలిగించు.”

“పాలు కూడా లేవు.”

“అయితే నీళ్లు పెట్టు. ఏదో ఒకటి పెట్టి చూస్తూ కూర్చో. వెళ్లు.”

“ఏం అడుగుతోందే ఆవిడ?”

“వస్తారా రారా అనే. ఇంకేం అడుగుతుంది? పోనీ ఫోటో అయినా చూడండి.”

“చూడను.”

“చూడకుండా వద్దంటే ఎలా? చూసి వద్దనండి. చూసి కూడా వద్దంటే ఈ జన్మలో అడగను.”

“ఒట్టు?”

“ఒట్టు. చెయ్యి తుడుచుకుని పట్టుకోండి, నా ఫోను పచ్చబడుతుంది.”

“...ఇవన్నీ ఇళ్లేనా?”

“ఇళ్లే. కొండ అంచున ఒకదాని నెత్తిన ఒకటి కట్టుకున్నారు. మధ్యలో దారుల్లేవు, మెట్లే. సామాను గాడిదలు మోస్తాయట.”

“మొత్తం తెలుపే.”

“మొత్తం.”

“ఊరు ఊరంతా.”

“ఊరు ఊరంతా. నచ్చలేదా? సరే, ఇలా ఇచ్చేయండి.”

“ఉండవే. లాక్కుంటావేం? ఇదంతా ఎవరేస్తారు?”

“ఎవరో వేస్తారు. మనకెందుకు?”

“మనకెందుకంటే... ఇది డబ్బా రంగు కాదు. చూడు, మూలలు ఎలా మెత్తబడ్డాయో, వెన్న పూసినట్టు. ఇది సున్నం. తాతలనాటి నుంచి పొర మీద పొర వేసుకుంటూ వస్తే తప్ప మూల ఇలా గుండ్రంగా తిరగదు.”

“అలాగా.”

“ఈ కొసన నిచ్చెన ఎక్కడ ఆనిస్తారు? కింద ఏముంది?”

“సముద్రం.”

“నిచ్చెన ఉండదు. పైనుంచి దిగుతారు, తాళ్ల మీద. లేకపోతే పొడుగు కర్ర కట్టి వేస్తారు. పొడుగు కర్రకైతే ఈ అంచు ఇంత సాఫీగా రాదే... ఈ గుమ్మటం చూడు. నీలం. గుమ్మటం మీద గీత లేకుండా ఎలా లాగాడు వాడు?”

“ఎవడు?”

“వేసినవాడు.”

“ఏమో. నేను సూర్యాస్తమయం చూపిద్దామని తెరిచాను ఆ ఫోటో. వెనకాల ఎర్రగా ఉంది చూడండి, అది సూర్యుడు.”

“ఆఁ ఆఁ, బాగుంది. ఇంకా ఉన్నాయా?”

“ఉన్నాయి కానీ, మీరు వద్దన్నారుగా.”

“వద్దని ఇంకా అనలేదు. చూస్తున్నా.”

“ఇదిగో, ఇది మన గది. అంటే, వెళ్తే మన గది. నీలం తలుపు, దాని పక్కన కిటికీ, కిటికీ ముందు చిన్న అరుగు. సాయంత్రం ఆ అరుగు మీద కూర్చోవచ్చు.”

“ఈ గోడకేమైంది?”

“ఏ గోడ?”

“కిటికీ పక్కది. సముద్రం వైపుది.”

“ఏమైంది? నాకేం కనపడటం లేదే.”

“కనపడకపోవడమేంటి, తలకాయంత పెచ్చు ఊడిపోతే. ఇక్కడ చూడు, ఇక్కడ, ఇదిగో ఇక్కడ. ఊరంతా ముత్యంలా ఉంటే ఈ ఒక్క గోడకి గజ్జి పట్టినట్టుంది. ఎవరికీ కళ్లు లేవా?”

“అమ్మకి ఉన్నాయి నాన్నా. అమ్మే కదా కనిపెట్టింది.”

“నిన్ను నీళ్లు చూడమన్నాను.”

“కాగాయి. అమ్మ ఆవిడతో స్నేహం చేసిందే ఆ గోడ వల్ల. ఆవిడ నెట్‌లో పెట్టిన ఫోటో కింద అందరూ ఎంత అందం, ఎంత అందం అని రాస్తుంటే, అమ్మ నాచేత రాయించింది. ‘కిటికీ నెత్తిన సన్నటి పగులుంది, నీళ్లు అక్కణ్ణుంచి దిగుతున్నాయి, అది మూయకుండా పైపైన ఎన్నిసార్లు పూసినా నిలవదు’ అని.”

“నువ్వా? నువ్వు కనిపెట్టావా పగులు?”

“ఏదో అలా అనిపించింది లెండి.”

“ఏదీ, పెద్దది చెయ్యి... అవునే. ఉంది. వెంట్రుకంత. నాకే ముందు కనపడలేదు.”

“ఇరవై ఏళ్లు మీతో కాపురం చేశాక ఆ మాత్రం పగులు కనపడకపోతే ఎలా?”

“మరి ఇందాక గోడకేమీ కాలేదన్నావు?”

“మీకు తెలియకూడదని. తెలిస్తే ఇదిగో, ఇలా అవుతారని. ఆవిడా పాపం సంతోషపడింది. ఆ ఊళ్లో మేస్త్రీలు పెద్ద హోటళ్లకే వెళ్తారట, ఈవిడ గోడకి ఏడాది నుంచి మనిషి దొరకలేదట.”

“ఏడాదా? ఉప్పుగాలికి ఏడాది అలా వదిలేస్తే లోపల రాయినే తినేస్తుందే.”

“తిననివ్వండి. మనం వెళ్లేది విశ్రాంతికి. ముందే చెప్తున్నా, ఆ గోడని ముట్టుకోవడానికి వీల్లేదు. బ్రష్షు రాదు, స్క్రేపరు రాదు, గరుకు కాగితం ముక్క కూడా రాదు. పెట్టె నేను సర్దుతాను. మీ జేబులు ఎయిర్‌పోర్టువాళ్ల కంటే ముందు నేను తడుముతాను.”

“ఆ గోడ గదిలోంచి కనపడుతుందా?”

“పొద్దున లేవగానే. తలుపు తీసి అరుగు మీదకొస్తే చాలు.”

“పది రోజులు లేవగానే దాని మొహం చూడాలా?”

“నా మొహం చూడండి.”

“నాకు నిద్ర పట్టదే.”

“కళ్లు మూసుకుంటే పడుతుంది. అసలు మీరు రానన్నారు కదా. చూసి వద్దంటే అడగనన్నాను. చెప్పేయండి. పిల్లా, ఆవిడకి రాసెయ్యవే, మేం—”

“ఉండు, ఉండు. తొందరేంటి? వస్తే... ఊరికే అడుగుతున్నా, వస్తే, ఆ పగులు ఒక్కటి మూసేస్తే ఏమవుతుంది? వేలితో పెట్టే పని. అరపూట.”

“పగులు మూశాక?”

“అంతే.”

“అంతేనా? పగులు మూసి, పక్కన పెచ్చులు అలాగే వదిలేస్తారు మీరు?”

“పెచ్చులు చేత్తో రాలిపోతాయి. అది పని కిందకి రాదు.”

“రాలాక?”

“రాలాక, రాయి కనపడుతుంటే, ఒక కోటు... తెల్లటి ఊళ్లో ఒక గోడ బోసిగా ఉంటే బాగుంటుందా? నువ్వే చెప్పు.”

“ఒక్క కోటు.”

“సున్నానికి ఒక్క కోటు నిలవదు. మూడు. పల్చగా.”

“చూశావటే మీ నాన్నని? వేలితో మొదలెట్టి మూడు కోట్లకొచ్చాడు. కుదరదండీ. నాకు విశ్రాంతి కావాలి. మీరు పక్కన కూర్చోవాలి.”

“పొద్దున పూట నువ్వు లేచేలోగా వేసేస్తా.”

“ఎండ ఎక్కేలోగా ఆపేస్తారా?”

“ఎండలో సున్నం వెయ్యకూడదే, పొడిలేస్తుంది. తెల్లవారుజామునే వెయ్యాలి. నీ నిద్రకి అడ్డం రాను.”

“ఊరికే ఒప్పుకుంటే నాకేంటి?”

“ఏం కావాలి?”

“టోపీ పెట్టుకోవాలి.”

“...ఏ రంగు?”

“నేను కొన్నది. పడవెక్కాలి. పడవలో అడుగున రంగు పోయిందని పడవవాడికి చెప్పకూడదు.”

“సరే. నాకు కనపడితే కళ్లు మూసుకుంటా.”

“ఫోటో తీస్తే కెమెరా వైపు చూడాలి.”

“ఒక్క ఫోటో.”

“అన్ని ఫోటోలూ. గోడకి మూడు కోట్లు కావాలా వద్దా?”

“అన్ని ఫోటోలూ. అయిపోయిందా?”

“అసలుది ఇంకా ఉంది. సాయంత్రాలు. రోజూ ఆ అరుగు మీద నా పక్కన కూర్చోవాలి. సూర్యుడు పూర్తిగా మునిగేదాకా. మధ్యలో ‘ఇక పద’ అనకూడదు. గోడ వైపు తల తిప్పకూడదు.”

“రోజూనా?”

“రోజూ. సూర్యుడు రోజూ మునుగుతాడు.”

“అంతసేపు చేతులు ఖాళీగా పెట్టుకుని ఎలా కూర్చోవాలే? నాకు తిమ్మిరెక్కుతుంది.”

“ఒకటి నాకివ్వండి.”

“ఏంటి?”

“చెయ్యి. ఒకటి నా చేతిలో పెట్టండి. అప్పుడు ఒక్కటే ఖాళీగా ఉంటుంది.”

“పిల్ల వింటోందే.”

“నేను నీళ్లు చూస్తున్నా నాన్నా. మళ్లీ కాగుతున్నాయి.”

“కూర్చోండి, ఒకసారి చూద్దాం. అదే మెట్టు, అదే డ్రమ్ము. ఇలా. ఈ చెయ్యి ఇవ్వండి. ఈ రంగు కడిగే కిరసనాయిలు వాసన అక్కడైనా పోతుందో లేదో.”

“...”

“ఏవండీ.”

“ఊఁ.”

“పగులు చూస్తున్నారా?”

“లేదు. డ్రమ్మే చూస్తున్నా. పొద్దువాలుతుంటే నీలం మారుతోంది.”

“మారుతుంది.”

“ఎప్పుడూ గమనించలేదు.”

“ఇన్నేళ్లలో ఎప్పుడు కూర్చున్నారని.”

“...ఇంకాసేపు ఉండాలా?”

“ఇంకాసేపు.”

“సరే. ఏమోయ్.”

“ఊఁ.”

“వెళ్దాంలే. రాసెయ్యమను ఆవిడకి. కానీ ఒక్క మాట, ఆ గోడ వెయ్యనిస్తుందో లేదో ఆవిడనోసారి అడిగి చూడు. పరాయి ఇల్లు. నేను ఉట్టినే వేస్తానని చెప్పు. రూపాయి తీసుకోనని గట్టిగా చెప్పు. బతిమాలినా పర్లేదు.”

“మీ కోసం అడుగుతాను. ఒప్పుకుంటుందో లేదో మరి.”

“ఒప్పించు. నువ్వు చెప్తే ఎవరైనా వింటారు. నేను కొట్టుగదిలోకెళ్లి నా పాత నాలుగంగుళాల బ్రష్షు ఎక్కడుందో చూస్తా. అది సున్నాన్ని తాగి పట్టుకుంటుంది. కొత్తవి కారుస్తాయి. నువ్వు పెట్టెలో కాస్త చోటుంచు. టోపీ కిందయినా పర్లేదు.”

“వెళ్లండి. లైటు వేసుకుని వెతకండి. పిల్లా, ఇలా రావే.”

“వెళ్లాడా?”

“వెళ్లాడు. బ్రష్షులన్నిటినీ వరసగా నిలబెట్టి ఎవరొస్తారు నాతో అని అడుగుతుంటాడు ఈపాటికి. నీ ఫోను తియ్యి.”

“ఆవిడ మూడోసారి అడిగిందమ్మా. ఇందాక అదే చెప్పబోతే పాలన్నావు. ఏం రాయను?”

“అనుకున్నట్టే, మేస్త్రి వస్తున్నాడని రాయి. గోడ పని మాది, పది రోజులు గదికి అద్దె లేదు, పోయిన నెల ఖాయం చేసుకున్న మాట మీదే ఉన్నామని రాయి. సున్నం ముందే తడిపి ఉంచమను.”

“ఆగమ్మా. ఆ గోడని పోయిన నెలే ఆవిడకిచ్చి గది తీసుకున్నావు. మరి ఇప్పుడు దాన్నే నాన్నకిచ్చి టోపీ, పడవ, ఫోటోలు, సాయంత్రాలన్నీ తీసుకున్నావు.”

“అవును.”

“ఒకే గోడని ఇద్దరికి అమ్మావు.”

“ఇద్దరికీ లాభమేగా. రాయవే, పొద్దుపోతోంది.”

“నాన్నకి ఎప్పుడు చెప్తావు?”

“మూడో కోటు ఆరాక.”